ముల్లంగి మొగుడు

పెళ్ళైన మర్నాడు పొద్దున్న ఆ-చెంగ్‌ని పెళ్ళాం అడిగిన మొట్టమొదటి ప్రశ్న: "ఎవడ్రా నువ్వు?"

కంగారు పడకండి. పెళ్ళి జరిగింది కీలుంగ్ ఊళ్ళో కాదు, 'మబ్బుకోట' అనే ఆన్‌లైన్ ఆటలో. అందులో ఆ-చెంగ్ ఒక కత్తివీరుడు, పేరు ఉక్కుతాబేలు. పెళ్ళికూతురు దెబ్బలు తగిలినవాళ్ళకి మందేసే వైద్యురాలు, పేరు మంచుముల్లంగి.

ఆట బయట ఆ-చెంగ్ తేమ పీల్చే మిషన్లు బాగుచేసే మెకానిక్. కీలుంగ్‌లో ఆ పనికి కరువు లేదు. వాన పడని రోజున "ఏంటి, ఏమైంది?" అని జనం ఆకాశాన్ని పరామర్శించే ఊరది. ఆ వానకి గోడలకి చెమట పడుతుంది, బట్టలకి బూజు పడుతుంది, కీలుంగ్‌లో అందరికీ కీళ్ళు పట్టేస్తాయి. పాపం, ఊరందరి ఇళ్ళల్లో తేమ తీసే కుర్రాడికి సొంత ఇంట్లో ప్రేమే లేదు. సెలవొస్తే చెక్క ఓడలకి రంగులేసుకునేవాడు. రేవు గట్టున గాలం పట్టుకు కూచునేవాడు. చేపలు మాత్రం అతన్ని పట్టించుకునేవి కావు. మిగిలిన టైమంతా మబ్బుకోటలో ముల్లంగి పక్కన నిలబడి రాక్షసుల్ని నరికేవాడు.

ఆ ముల్లంగితోనే వచ్చింది చిక్కంతా. పొద్దున పూట ఆమె నోరు తెరిస్తే నిప్పులే.

"తాబేలూ! అంత గొయ్యి కనబళ్ళేదా? కళ్ళేమైనా కుదువ పెట్టావా?"

"అది కత్తా, ఉల్లిపాయలు తరిగే చాకా?"

అదే సాయంత్రమైతే వెన్నపూస.

"తిన్నావా బాబూ? వాన తగ్గేదాకా ఈ గుహలోనే ఉందాం. నిన్న తుమ్ముతున్నానన్నావు, అల్లం వేసిన పులుసేమైనా తాగావా?"

పొద్దున ముల్లు, సాయంత్రం అంగి. గుచ్చేదొకటి, కప్పేదొకటి. పేరుకి తగ్గ పిల్ల అనుకున్నాడు ఆ-చెంగ్. ఆడవాళ్ళ మనసులు అర్థం కావని స్నేహితులు చెప్పగా విన్నాడు గనక, అర్థం కాకపోవడమే అర్థమైనట్టు లెక్క అనుకుని సర్దుకున్నాడు. ఒక సాయంత్రం ఆటలో జోరున వాన. పాత వంతెన కింద ఇద్దరూ నిలబడి ఉండగా టైపు చేశాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"దానికేం భాగ్యం బాబూ, చేసుకుందాం. జంటగా ఉంటే ఇద్దరికీ బలం పెరుగుతుందిటగా!"

మొదటి మాటకి గాల్లో తేలిపోయాడు. రెండో మాటని సిగ్గు కింద జమ కట్టుకున్నాడు.

తెల్లారగానే, ఇదిగో, "ఎవడ్రా నువ్వు, నా పేరు పక్కన నీ పేరు తగిలించింది?"

"అదేంటి! నిన్న సాయంత్రం నువ్వే కదా 'చేసుకుందాం బాబూ' అన్నావు?"

"నేనా? బాబూ అనా? నేను పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ బాబూ అని..."

ముల్లంగి ఆగిపోయింది.

"ఒరేయ్ తాబేలూ," అని వచ్చింది చివరికి. "నువ్వు పెళ్ళి చేసుకుంది మా నాన్నని."

ఆలి దొరికిందని సంబరపడేలోపు ఆలి స్థానంలో ఆలి తండ్రి తేలాడు. ఆ-చెంగ్ కుర్చీలోంచి జారిపోకుండా బల్ల పట్టుకున్నాడు.

* * *

కలుసుకున్నది చేపల బజారు వెనక, చేపముద్దల పులుసు అమ్మే కొట్లో. రమ్మన్నది పొద్దుటి ముల్లంగే. "వచ్చి నా ఎదురుగా కూచుని చెప్పు, ఏం చూసి అడిగావో," అంది. ఆ-చెంగ్ ఇస్త్రీ చొక్కా వేసుకు వెళ్ళాడు. గుమ్మం చేరేసరికి వాన దానికి వేరే ఇస్త్రీ చేసింది.

ఆమె మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లతో, పొలుసులంటిన ఏప్రన్‌తో వచ్చింది. పేరు మియావ్-రు. పేరుకి తగ్గట్టు పని చేపల దగ్గర. తెల్లవారుజామున వేలంపాటలో ధరలు అరిచే ఉద్యోగం. అందుకే ఆ గొంతు. ఇంటికెళ్ళి పొద్దున ఆడుకుని మధ్యాహ్నం నిద్రపోతుంది. ఆమె వెనకాలే పసుపుపచ్చ వానకోటులో ఒక పెద్దాయన నవ్వుతూ వచ్చాడు. తండ్రి వాన్-ఫు. పేరులోనే వాన. పెద్ద ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే పడవమీద పనిచేసి, తడిమెట్ల మీద జారి భుజం విరగ్గొట్టుకుని ఇంట్లో కూచున్నాడు. గోడలకేసి చూస్తూ దిగులుపడుతుంటే చూడలేక, కూతురు తన ముల్లంగిని సాయంత్రాలు ఆయన చేతికిచ్చింది.

పెద్దాయన కూచోకుండానే అడిగాడు. "తిన్నావా బాబూ?"

ఆ-చెంగ్ గుండె జల్లుమంది. రోజూ సాయంత్రం ఏ మాటకి కరిగిపోయేవాడో అదే మాట! కానీ దాని వెనక మీసాలున్నాయి. ఈయన్ని మావయ్యగారూ అనాలా, ఏమేవ్ అనాలా?

"తిన్... తింటానండీ," అన్నాడు.

"నువ్వు బలం కోసమే అడిగావనుకున్నానయ్యా," అన్నాడు వాన్-ఫు. "ఉంగరాలు కూడా నువ్వే కొన్నావు. మంచి కుర్రాడు."

"నాన్నా, నువ్వు పులుసు తాగు." మియావ్-రు బల్లమీద మోచేతులు ఆనించింది. ఆమె చూపు అచ్చం వేలంలో చేప మొప్పలెత్తి చూసేవాళ్ళ చూపు. "ఇప్పుడు చెప్పు. నువ్వు అడిగింది సాయంత్రం ముల్లంగిని. పొద్దుటి ముల్లంగిని ఎప్పుడైనా అడగాలనిపించిందా?"

"ఇద్దరూ ఒకరే అనుకున్నాను కదా..."

"ఇప్పుడు కాదని తెలిసింది కదా. నీకు నచ్చింది నేనా, మా నాన్నా?"

అబద్ధమాడి ఉంటే ఆ పూట గట్టెక్కేవాడు. ఆ-చెంగ్‌కి అబద్ధం కూడా సమయానికి దొరకదు.

"నాకు తెలీడంలేదండీ," అన్నాడు.

ఆమె లేచింది. కోపంగా లేచి ఉంటే బాగుండేది, మెల్లగా లేచింది.

"అందరిదీ ఇదే వరస. నోరు మంచిదైతే ఊరు మంచిదట. మా ఇంటికొచ్చే ప్రతివాడికీ నాన్న మాటలే కావాలి. నా నోరు చేపలమ్మడానికే తప్ప మనుషులకి పనికిరాదు." గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయింది.

"గొడుగు మర్చిపోయింది," అన్నాడు వాన్-ఫు బాధగా. పులుసులోంచి చేపముద్ద ఒకటి తీసి ఆ-చెంగ్ గిన్నెలో వేశాడు.

* * *

ఆ తర్వాత పొద్దుటి పూట ముల్లంగి రావడం మానేసింది.

సాయంత్రాలు వచ్చేది, అంటే వచ్చేవాడు. ఆ-చెంగ్ తాబేలుకి ముల్లు గీరుకున్నా చాలు, గుండెపోటు వచ్చినంత హడావుడిగా మందేసేవాడు. ఏ లోటూ లేదు. అయినా ఆ-చెంగ్‌కి ఆట చప్పగా ఉంది. పొద్దున్నే లేచి, ఎవరూ లేని మబ్బుకోటలో గోతుల చుట్టూ తిరుగుతున్నాడు. కావాలని ఒక గోతిలో పడ్డాడు కూడా. తిట్టేవాళ్ళు లేరు. పడడంలో సుఖమే లేకుండాపోయింది.

"ఏంటి బాబూ, ఈమధ్య ఒక్క దెబ్బ తగలనివ్వకుండా ఆడుతున్నావు?" అని అడిగాడు వాన్-ఫు ఒకనాడు. "ఇదివరకు పిచ్చోడిలా దూకేవాడివటగా. అమ్మాయి నవ్వుతూ చెప్పేది."

"నవ్వుతూనా?"

"పడీపడీ నవ్వేది."

"అంకుల్, మీరు గీరుకుంటే చాలు మందేస్తారు. తను వెయ్యదు. ప్రాణం నూలుపోగంత మిగిలేదాకా చూస్తూ నిలబడుతుంది, గెంతుతూ, తిడుతూ. సరిగ్గా పోతుందనగా వేస్తుంది. ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. ఆ ధైర్యంతోనే దూకేవాణ్ణి."

కాసేపు ముల్లంగి తాళంచెవులు పోగొట్టుకున్నవాడిలా గుండ్రంగా తిరిగింది. అది వాన్-ఫు ఆలోచించే పద్ధతి.

"వాళ్ళమ్మా అంతేనయ్యా. పిల్లకి సైకిలు నేర్పుతూ పడనిచ్చేది. నేల తగలకముందు పట్టుకునేది. ఈ ముక్క నాకెందుకు చెప్తున్నావు?"

"తను నా ఫోన్ ఎత్తడంలేదండీ."

"ఆదివారం మార్కెట్టుకి సెలవు. తీసుకొస్తా. ఆపైన నీ అదృష్టం."

* * *

ఆదివారం మధ్యాహ్నం, రైల్వేస్టేషన్ దగ్గర కంప్యూటర్లు అద్దెకిచ్చే ఆటలకొట్టు. బయట వాన; లోపల నూడిల్స్ వాసన, బటన్ల టకటక. మియావ్-రు రబ్బరు బూట్లు లేకుండా వచ్చింది. జుట్టు విరబోసుకుంది. ఆ-చెంగ్ చూపు ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగింది.

"ఏం చూస్తున్నావు?"

"ఏప్రన్ లేదు..."

"తెమ్మంటావా?"

"వద్దు వద్దు."

"విను. నాన్న ఏదో చెప్పాడు. మాటలు ఎవడైనా చెప్తాడు. నువ్వు ఈ వరసలో కూచో, మేం వెనక వరసలో కూచుంటాం. ముల్లంగి ఒక్క అక్షరం టైపు చెయ్యదు. ఆడేది నేనో నాన్నో నువ్వు చెప్పాలి. తప్పు చెప్పావంటే ముల్లంగిని ఇక్కడే ఆటలోంచి చెరిపేస్తా. అది ఉండదు, నాతో నీకు మాటలూ ఉండవు."

ఆ-చెంగ్ అరచేతులు కీలుంగ్ గోడల్లా చెమర్చాయి. మధ్యలో ఎత్తైన అడ్డుపలకలు. ఆ వెనక ఏం జరుగుతోందో కనబడదు.

తాబేలు అడవిలోకి నడిచింది. నక్క ఒకటి కాలు కొరికింది. వెంటనే జల్లున మందు పడింది.

"అంకుల్!" అని అరిచాడు ఆ-చెంగ్.

"భలే బాబూ!" అని పలికింది వెనక వరస.

తర్వాత ఎలుగుబంటి. ఒక దెబ్బ, రెండు దెబ్బలు. ముల్లంగి పక్కన గెంతుతోంది తప్ప ఏమీ చెయ్యదు. ప్రాణం అడుగంటింది. నూలుపోగు మిగిలింది. అప్పుడు పడింది మందు.

"మియావ్-రు," అన్నాడు. ఈసారి అరవలేదు.

ఆ-చెంగ్ చెవులు ఎర్రబడ్డాయి.

మూడోసారి తోడేళ్ళు వచ్చాయి. ముల్లంగి నిలబడే ఉంది. మందు లేదు. తాబేలు ప్రాణం సగమైంది, పావైంది. ఆలస్యమైతే మియావ్-రు అనాలి కదా? నాలుక చివరిదాకా వచ్చిన పేరుని ఆ-చెంగ్ ఆపుకున్నాడు. ఏదో తేడాగా ఉంది. ముల్లంగి గెంతడంలేదు. గుండ్రంగానూ తిరగడంలేదు. ఆమెకైతే ఒక్క నిమిషం కాలు నిలవదు. ఆయనైతే తాళంచెవులు వెతుక్కుంటాడు. ఇదేమిటి, కొట్టుముందు పెట్టిన బొమ్మలా? నూలుపోగు కూడా తెగిపోబోతోంది. తప్పు చెప్తే అన్నీ పోతాయి.

"ఎవరూ లేరు," అన్నాడు మెల్లగా. "ఆ కుర్చీ ఖాళీగా ఉంది."

"తాబేలూ, చచ్చిపోతున్నావు, చూసుకో," అంది గొంతు. అడ్డుపలక అవతలినుంచి కాదు, వాడి భుజం వెనకనుంచి.

తెరమీద ఉక్కుతాబేలు వెల్లకిలా పడి చచ్చిపోయింది. ఆ-చెంగ్ చూడలేదు. వెనక్కి తిరిగి ఉన్నాడు. మియావ్-రు కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది. వేలంపాటలో ఊరంతా వినబడే ఆమె గొంతు, ఆ రోజు వాడికొక్కడికే వినబడింది.

"తెలివితక్కువ దద్దమ్మా. నేను లేనని కూడా తెలుస్తుందా నీకు?"

"అదే ముందు తెలుస్తుంది," అన్నాడు. "నాతో... నన్ను... అంటే, మనం కలిసి తిరుగుదామా? నిన్నే అడుగుతున్నా. పొద్దుటి నిన్ను."

"సరిగ్గా అడగడం కూడా రాదు." ఆమె ముఖం తిప్పుకుంది. నవ్వు మాత్రం ఇటువైపే ఉండిపోయింది. "సరే."

వాన్-ఫు మూడు నూడిల్స్ గిన్నెలు పళ్ళెంలో పెట్టుకుని మంచిచేత్తో మోసుకొచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. పళ్ళెం దించి గొంతు సవరించుకున్నాడు.

"సంతోషం. మరి నా సంగతేంటి అల్లుడూ? ఆటలో విడాకులిస్తావా, కాపురం చేస్తావా?"

ఆ-చెంగ్ నోరు తెరిచేలోపే మియావ్-రు అందుకుంది.

"ఉండనీ నాన్నా. ఇంట్లో ఒక్క పెళ్ళామైనా వీడితో మర్యాదగా మాట్లాడాలిగా!"