గౌను మీద పచ్చ దీపం

డాక్టర్ చెప్పింది నాకు బాగానే అర్థమైంది. తర్వాత ఎవరూ నన్ను తెలివితక్కువదని అనకుండా ముందే చెబుతున్నాను.

"పాప గుండె ఒకసారి కొట్టుకుని ఆగుతుందమ్మా. మళ్లీ గబగబా రెండుసార్లు కొడుతుంది," అన్నాడు కామారెడ్డిలో పిల్లల డాక్టర్. స్నిగ్ధ ఛాతీకి వైర్లు అంటించి, అగ్గిపెట్టెంత మిషను మెడలో వేశాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా దాని మీద చిన్న పచ్చ దీపం వెలుగుతుంది. ఒకటి... ఆగి, గబగబా రెండు. "రేపటిదాకా తీయొద్దు. పిల్లను ఉలిక్కిపడనివ్వొద్దు. చల్లనీళ్లు మీద పడొద్దు. వాళ్ల అక్కకూ ఇదే ఉండి ఉంటుంది."

అక్క అంటే అనూహ్య, నా పెద్దబిడ్డ. పోయినేడు బడికి పోతూ వాకిట్లోనే కూలిపోయింది. అది నన్ను అవ్వా అని పిలిచేది. ఇంగ్లీష్ మీడియం చిన్నదానికి నేను మమ్మీని. పెద్దదానికి గుండె దడ అంటే ఇంట్లో అందరం దడుపు అనుకున్నాం. దడుపుకు మా అత్త నాగవ్వ దగ్గర ఒక్కటే మందు. కొడవలి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి, ఆ నీళ్లు పిల్ల మొహాన కొట్టి, గడపలో నిలబడి పేరు పెట్టి పిలవడం. భయానికి బయటికి పోయిన ప్రాణం తిరిగొస్తుందట.

ఎల్లారెడ్డి దాటి మా ఊళ్లో బస్సు దిగేసరికి మబ్బు పట్టింది. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. నేను చుట్టిన బీడీలు నేనే కంపెనీలో అప్పజెప్పి రావాలి.

"అత్తా, వైర్లు ముట్టకు," అని చెప్పి పిల్లను ఆమె దగ్గర వదిలి పోయాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

తిరిగొచ్చేసరికి వాన. కరెంటు లేదు. గడప దగ్గరే కాలిన ఇనుము వాసన తగిలింది.

"అత్తా... ఏం చేసినవ్?"

"పిల్ల ఒక్కతీరుగ వణికింది బిడ్డా. దడుపు తీసిన. మిషిని తడుస్తదని ఆడ తగిలిచ్చిన."

గోడ కొయ్యకు అనూహ్య గౌను. బిడ్డను మట్టికి ఇచ్చినా ఆ గౌనును ఎవరికీ ఇవ్వలేకపోయాను. దాని మీద వైర్లు వేలాడుతున్నాయి. చీకట్లో పచ్చ దీపం వెలుగుతోంది. ఒకటి... ఆగింది. గబగబా రెండు.

మిషను లాక్కొచ్చి స్నిగ్ధకు అంటించాను. దీపం ఆరిపోయింది. ఛాతీకి చెవి ఆనించాను. బయట వాన చప్పుడు... లోపల ఏమీ లేదు. పిల్ల మాత్రం కళ్లు తెరిచి నన్నే చూస్తోంది.

"అత్తా," అన్నాను. "ఎవరి పేరు పెట్టి పిలిచినవ్?"

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. "అలవాటుల... పెద్దదాని పేరే వచ్చింది."

"ఆకలైతుంది అవ్వా," అంది పిల్ల.

అన్నం కలిపి పెట్టాను. ఏం చేయను, అదీ నా బిడ్డే. అది తింటుంటే మిషను మళ్లీ గౌనుకు తగిలించాను. దీపం వెలిగింది.

ఆసుపత్రివాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. మిషను తిరిగి ఇవ్వలేదు. ఛార్జింగ్ పెట్టుకుంటూ రోజూ గౌనులో ఉన్న నా చిన్నదాని ముందే కూర్చుంటున్నాను. నిన్న పొద్దుగూకే వేళ దీపం ఒకసారి వెలిగి ఆగింది. ఎంతసేపైనా మిగతా రెండూ రాలేదు...

వెనక నుంచి ఒక చల్లని చెయ్యి నా భుజం మీద పడింది.

"చలి పెడుతుంది అవ్వా. నా గౌను నాకియ్యి."