నామినేషన్‌లో లేని పేరు

అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో నిచ్చెన ఎక్కి భూమేష్ ఏసీ మూత విప్పుతుండగా జేబులో ఫోన్ మోగింది. మామూలు రింగ్‌టోన్ కాదది. ‘గడీల గర్జన’ సినిమాలో హీరో గడీ తలుపు తన్నుకుని లోపలికి వచ్చేచోట సంగీత దర్శకుడు రుద్రాంశ్ మోగించిన డోళ్లు. రెండు చేతులూ ఖాళీ లేక భూమేష్ దాన్ని మోగనిచ్చాడు.

ఓరగా వేసి ఉన్న తలుపు వెనక నుంచి తెలుగులో ఒక ఆడగొంతు వినిపించింది.

“ఈ డబ్బాల మోతకు నామినేషన్ ఇచ్చినారంట మస్తానన్నా. ఇంక పినాకిని ఎవరు పట్టించుకుంటారు?”

నిచ్చెన పట్టుకుని నిలబడ్డ మస్తాన్ వలీ ఆ ఇంటి డ్రైవరు. కర్నూలు మనిషి. నవ్వాపుకోలేక నిచ్చెన కూడా కాస్త కదిపాడు. భూమేష్‌కి ఒళ్లు మండింది. సౌదీలోని ఈ తాయిఫ్‌లో ఏ ఇంటికి పనికి వెళ్లినా అరబ్బీ, ఉర్దూ తప్ప మరోటి వినబడదు. తెలుగు వినబడ్డందుకు సంతోషపడాలో, ఆ మాటకు కోపం తెచ్చుకోవాలో తేల్చుకోలేక రెండోదే చేశాడు.

“నామినేషన్ ఇచ్చినోళ్లకు చెవులున్నయి గాబట్టే ఇచ్చిన్రు,” అన్నాడు పైనుంచే.

“చెవులుంటే ఫోన్ ఎత్తాల గదా. ఎవురో పాపం ఆపకుండా పిలుస్తాండారు.”

భూమేష్ చేతిలోంచి స్క్రూ జారి తివాచీ మీద పడింది. తలుపు సందులోంచి నీలం స్కార్ఫు అంచు, కాఫీ కప్పుల పళ్లెం, నవ్వు దాచుకుంటున్న రెండు కళ్లు కనబడి మాయమయ్యాయి. లోపలి గదిలోంచి ఆ ఇంటి ముసలావిడ చేతికర్రతో నేలమీద రెండుసార్లు కొట్టింది. అంతే, పోట్లాట ముగిసింది.

ఆ రోజు పొద్దున్నే స్వరఛత్రం అవార్డుల నామినేషన్లు వచ్చాయి. ఉత్తమ నేపథ్య సంగీతానికి ఐదుగురి పేర్లు. అందులో రుద్రాంశ్ ఉన్నాడు. ‘మూసిన రేవు’ సినిమాకు సంగీతం చేసిన పినాకి లేడు. సౌదీలో ఉన్న తెలుగు సినిమా పిచ్చోళ్లందరూ ఆ ఉదయం నుంచీ ఫోన్లలో ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. భూమేష్‌కి తెలియనిదల్లా, ఆ తిట్టేవాళ్లలో ఒకామె తను ఏసీ బాగుచేయబోయే ఇంట్లోనే ఉంటుందని.

ఆమె పేరు స్వర్ణ. రాయచోటి. ఆ ఇంటి ముసలావిడను కనిపెట్టుకుని ఉండే పని. ముసలావిడ పేరు నూరా. ఇంట్లో పనివాళ్లందరూ ‘మామా’ అంటారు, అక్కడ అమ్మ అని అర్థం. ఈ వివరాలన్నీ బయట వ్యాన్ దగ్గర మస్తాన్ వలీ నుంచి భూమేష్ రాబట్టాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు, మీ వాట్సాప్ గ్రూపులో నన్నూ చేర్చరాదా అన్నాడు. ‘తాయిఫ్ తెలుగు సినిమా’ గ్రూపుకి మస్తాన్ వలీయే అడ్మిన్. సంగీతం మీద ఇంత ప్రేమ నిన్నటిదాకా లేదే అని అడుగుతూనే చేర్చాడు.

భూమేష్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ముప్పై మూడేళ్లు. రెండు సంబంధాలు కుదిరినట్టే కుదిరి, గల్ఫోడికి పిల్లనియ్యమని తప్పిపోయాయి. మూడోది వెతుకుతామని తల్లి అంజవ్వ ఫోన్ చేసినప్పుడల్లా మాట మార్చేవాడు.

ఇక గ్రూపులో రోజూ యుద్ధమే. పగలంతా మెట్లెక్కి దిగుతూ భూమేష్ వాయిస్ మెసేజులు పెట్టేవాడు. మామా పడుకున్న వేళ ఇస్త్రీ చేసుకుంటూ స్వర్ణ జవాబిచ్చేది. రుద్రాంశ్ సంగీతం వింటే తలనొప్పి బిళ్ల వేసుకోవాలని ఆమె, పినాకి సంగీతం వింటే నిద్ర బిళ్ల అక్కర్లేదని అతను. మిగిలినవాళ్లు చెరో పక్షం చేరి ఎగదోసేవారు.

ఒకరోజు మాత్రం భూమేష్ మామూలు గొంతుతో మాట్లాడాడు. తన తండ్రి ఒగ్గుకథలకు డోలు వాయించేవాడని, ఆ సినిమాలో రుద్రాంశ్ మిషన్ మోత పెట్టలేదని, నిజంగా ఒగ్గు కళాకారులను కూర్చోబెట్టి వాయించాడని చెప్పాడు. థియేటర్లో ఆ డోళ్లు మొదలవగానే చనిపోయిన నాయిన వెనక సీట్లో కూర్చున్నట్టు అనిపించి వెనక్కి తిరిగి చూశానన్నాడు.

దానికి సాయంత్రం దాకా జవాబు రాలేదు. వచ్చింది గ్రూపులో కాదు, అతని నంబరుకి.

“ఇయర్‌ఫోన్ పెట్టుకోని మళ్లా విన్నా. ఇన్నాళ్లూ నాకది మోతే. ఈరోజు మీ నాయన వినబడినాడు.”

భూమేష్ దాన్ని ఎన్నిసార్లు విన్నాడో చెబితే నవ్విపోతారు. ఆమె కూడా తన సంగతి చెప్పింది. ‘మూసిన రేవు’లో మొగుణ్ని వదిలొచ్చిన కథానాయిక ఇనప్పెట్టె పట్టుకుని తెలియని ఊళ్లో బస్సు దిగేచోట సన్నాయి ఎత్తుకుని, సగంలో ఆగిపోతుందట. అది విన్నప్పుడల్లా తను జెద్దా విమానాశ్రయంలో ఎవరొస్తారో తెలియక గోడకానుకుని నిలబడ్డ పొద్దు గుర్తొస్తుందట. దానికి భూమేష్ ‘మంచిగున్నది’ అని మాత్రం రాసి, ఆ ఒక్క మాట రాసినందుకు తనను తాను తిట్టుకున్నాడు.

అప్పటినుంచి అతనికి కాలు నిలవలేదు. గదిలో కూర్చుంటే బయటికి, బయటికొస్తే గదిలోకి. అన్నం ముందు కూర్చుని ఫోన్ చూసేవాడు. ఆ ఇంట్లో ఏసీ మళ్లీ చెడితే బాగుండునని మొక్కుకునేవాడు. కానీ అక్టోబరు వచ్చేసింది. తాయిఫ్ కొండల మీద మబ్బులు దిగాయి. మధ్యాహ్నమైతే చాలు, ఉరుములు, సన్నటి వాన. ఊరు చల్లబడింది. ఏసీలతో ఎవరికీ పనిలేదు. చల్లబడనిది భూమేష్ ఒక్కడే.

చివరికి మస్తాన్ వలీయే కనికరించాడు. గీజర్లో నీళ్లు వేడెక్కడం లేదని కబురు పెట్టాడు. పావుగంటలో అయ్యే పనిని భూమేష్ మధ్యాహ్నమంతా చేశాడు. ఆ రోజు మామా మజ్లిస్‌లోనే కూర్చుంది. ఈ పిల్లాడితో నువ్వు ఫోన్‌లో దేని గురించి పోట్లాడుతున్నావని స్వర్ణను అడిగిందట. స్వర్ణ తన అరబ్బీలో చెప్పింది. అయితే నేను తీర్పు చెబుతాను, వినిపించండి అంది ఆవిడ.

ముందు రుద్రాంశ్. డోళ్లు మొదలవగానే ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. స్వర్ణ గెలిచినట్టు భూమేష్‌కేసి చూసింది. తర్వాత పినాకి. ఆవిడ కళ్లు మూసుకుని తలాడించింది, తలాడించింది, గుర్రు పెట్టింది.

“చూసినావా, ఎంత లీనమైపోయిందో,” అంది స్వర్ణ గుసగుసగా.

“నిద్రవోతే అవార్డిస్తరా?” అన్నాడు భూమేష్.

ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. బయట వాన కిటికీ అద్దాన్ని కొడుతోంది. నవ్వు ఆగాక కూడా ఆమె చూపు తిప్పుకోలేదు. ముందు తిప్పుకున్నది అతనే, చేతిలోని గీజర్ పైపు వైపు.

అంత బాగున్నదాన్ని ఒక్క మాటతో చెడగొట్టుకున్నాడు.

అవార్డుల రోజు దగ్గరపడుతుంటే గ్రూపు వేడెక్కింది. భూమేష్ ఈమధ్య పినాకి పార్టీలోకి దూకాడని ఎవరో ఎత్తిపొడిచారు. ఇంకెవరో కన్ను గీటే బొమ్మ పెట్టారు. పరువు కాపాడుకోవాలన్న తొందరలో, వ్యాన్‌లో కూర్చుని మెసేజ్ పెట్టేశాడు. “మొగుణ్ని ఇడిచివెట్టి అచ్చినదానికి గంత సన్నాయెందుకన్నా. బస్సు హారన్ సాలు.”

నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి కింద ఒక చిన్న లైను వచ్చింది. స్వర్ణ గ్రూపు నుంచి వెళ్లిపోయింది.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. రాస్తే చూసి ఊరుకుంది. భూమేష్ ఒక ఇంట్లో బిగించాల్సిన తీగ మరోచోట బిగించి సూపర్‌వైజర్ చేత చీవాట్లు తిన్నాడు. ఆఖరికి మస్తాన్ వలీని టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు. ఆయన టీ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టాడు.

“ఆ యమ్మికి విడాకులై ఆరేండ్లబ్బా,” అన్నాడు చివరికి. “తాగొచ్చి కొట్టేటోడు. బస్సెక్కి పుట్టింటికొచ్చింది, ఆన్నుంచి ఈడికి. సినిమాలో ఆయమ్మిని అన్నాననుకున్నావు నువ్వు.”

భూమేష్ చేతిలో టీ చల్లారిపోయింది.

“ఇంకోటి విను. వచ్చే నెల్లో ఆమె కాంట్రాక్టు అయిపోతాది. రెన్యువల్ వద్దంది, మొత్తానికే ఇంటికి పోతానని ఎగ్జిట్ అడిగింది. మొన్నటిదాకా ఆలోచిస్తానంటా ఉండె.” మస్తాన్ వలీ లేచి నిలబడి, వెళ్లబోతూ ఆగాడు. “గ్రూపులో ఉండే మొగోళ్లందరినీ అన్నా అంటాది గదా. నిన్ను ఒక్కసారన్నా అనిందా?”

భూమేష్ ఎంత గుర్తుచేసుకున్నా, అనలేదు.

ఆ సాయంత్రం అతను ‘మూసిన రేవు’ మొదటినుంచి చివరిదాకా చూశాడు. అసలు సంగతేమిటంటే అతను ఆ సినిమాను ఇంతకుముందు విశ్రాంతి దాకానే చూశాడు. ఇంతకాలం సగం సినిమాతోనే వాదించాడు. సినిమా అయ్యాక చాలాసేపు గది గుమ్మంలో అటూ ఇటూ తిరిగి, తల్లికి ఫోన్ చేశాడు. స్వర్ణ గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమెది మన జిల్లా కాదు, మన కులం కాదు, ముందొక పెళ్లయింది, ఇప్పుడు నాతో మాట్లాడటం కూడా లేదు అన్నాడు.



“మా అవ్వది మారుమనువేరా,” అంది అంజవ్వ. “మొదటోన్ని కాదని ఎల్లొచ్చింది గనకనే నేను పుట్టిన, నువ్వు పుట్టినవ్. నాకేం లేదు గని, ఆ పిల్లను నొప్పిచ్చినవ్ జూడు, ముందు గది సూసుకో. మాట్లాడనిదాన్ని పెండ్లెట్ల జేసుకుంటవ్?”

శుక్రవారం అవార్డులు. హైదరాబాదులో సాయంత్రమైతే తాయిఫ్‌లో ఇంకా ఎండపొద్దే. గ్రూపు వాళ్లందరూ రుద్దఫ్ పార్కులో చాపలు పరచుకుని, ఒక ట్యాబ్‌ను చెట్టు మొదట్లో నిలబెట్టి లైవ్ చూస్తున్నారు. మామాకి గాలి మార్పని చెప్పి మస్తాన్ వలీ కారును ఆ పార్కుకే తోలుకొచ్చాడు. కారు చాపలకు దూరంగా ఆగింది. వెనక సీట్లో మామా పక్కన స్వర్ణ ఉంది. కిందికి దిగలేదు.

భూమేష్ కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. వేదిక మీద ఎవరో కవరు చింపుతున్నారు. ఇటు వీళ్ల మీద చినుకులు మొదలయ్యాయి. రుద్రాంశ్ పేరు చదివారు. చాపల మీద వాళ్లంతా గోలగా లేచి భూమేష్ వీపు చరుస్తుంటే, అతను ఎవరికి వచ్చిందని అడిగాడు. చెప్పింది వినకుండానే చెప్పులు కూడా వేసుకోకుండా కారువైపు నడిచాడు.

స్వర్ణ అతన్ని చూసి కిందికి దిగి, మామా మీద జల్లు పడకుండా తలుపు వేసింది. కాంగ్రాట్స్, మీవాడు గెలిచినాడు అంది ముభావంగా.

“నేను ఆ సిన్మ సగమే చూసిన. మొన్న మొత్తం చూసిన,” అన్నాడు భూమేష్. “నేనన్నది తప్పు. సిన్మల ఆమె గురించి తప్పు. నీ గురించి ఇంకా తప్పు.”

“మస్తానన్న చెప్పినాడా?”

“చెప్పిండు.”

“ఆయన చెప్పకపోయింటే వచ్చేవాడివా?”

“అస్తుంటి. కాకుంటే తప్పేందో ఎరుక లేకుంట అస్తుంటి.”

స్వర్ణ పెదవులు కదిలాయి కానీ నవ్వు పైకి రానివ్వలేదు. వాన పెద్దదైంది. చాపలవాళ్లు ట్యాబ్‌ను నెత్తిన పెట్టుకుని షెడ్డు కిందికి పరుగెడుతున్నారు. వీళ్లిద్దరూ కదల్లేదు.

జాలిపడి వచ్చుంటే ఇక్కడినుంచే వెళ్లిపొమ్మంది స్వర్ణ. ఆరేళ్లుగా అందరి జాలీ చూశానని, అది తిట్టుకన్నా చేదుగా ఉంటుందని చెప్పింది. భూమేష్ తల్లితో మాట్లాడిన సంగతి చెప్పాడు. అమ్మమ్మ మారుమనువు సంగతి, నువ్వు ఆ పిల్లను నొప్పించావన్న తిట్టు, ఏదీ దాచలేదు. వింటూ వింటూ స్వర్ణ స్కార్ఫు అంచుతో ముఖం తుడుచుకుంది. తుడిచింది వాననో, మరోదాన్నో అతనికి తెలియలేదు.

“మీయమ్మ అంతా చెప్పింది,” అందామె. “నువ్వేం చెప్పలేదు.”

ఇన్ని రోజులూ ఆగని భూమేష్ కాళ్లు ఇప్పుడు నేలకు అతుక్కుపోయాయి.

“నన్ను చేసుకుంటవా?”

“నేను ఎగ్జిట్ మీద పోతే మళ్లా రాను. ఇంక పరాయి ఇండ్లలో చెయ్యలేను. నువ్వు రాగలవా?”

“ఫిబ్రవరిల నా లీవు. ముందు రాయచోటికే అస్త. మా ఊరికి ఆ తర్వాతనే. ఇగ ఈడికి మళ్లొచ్చుడా, ఆడనే ఏసీల పని చూసుకునుడా, ఇద్దరం కూసోని మాట్లాడుకుందాం.”

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఈసారి అతను చూపు తిప్పుకోలేదు. కారు లోపలినుంచి మామా అద్దాన్ని చేతికర్రతో టకటకా కొట్టింది. తడిసి జబ్బుచేస్తే రేపు నన్నెవరు చూసుకుంటారని అద్దం వెనకే గొణుగుతోంది.

స్వర్ణ తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టింది.

“మా నాయనతో మాట్లాడేటప్పుడు ఈ ‘గది, గిది’ అనాకు,” అంది. “ఆయన గది అంటే ఇంట్లో రూము అనుకుంటాడు. వచ్చిన అల్లుడు ఎన్ని గదులుండాయో అడుగుతాండాడనుకుంటే సంబంధం చెడిపోతాది.”

అల్లుడు అన్న మాట తను అనేసిందని ఆమెకు అప్పుడు తట్టింది. గబుక్కున లోపల కూర్చుని తలుపు వేసుకుంది. మస్తాన్ వలీ అద్దంలోంచి ఇద్దర్నీ చూసి, ఏమీ విననట్టు కారు ముందుకు పోనిచ్చాడు.

భూమేష్ వట్టికాళ్లతో వానలో నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత నీళ్లు కారుతున్న ముఖంతో, మెల్లగా, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు అనుకున్నాడు.

“అది. ఇది. అక్కడ. ఇక్కడ. నమస్కారం మామయ్యగారూ.”