పరగడుపు గోళీ

పొద్దున్నే జితేందర్ గ్యాస్ గోళీ విప్పి ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసిన తండ్రి వెంకటి అరచేతిలో పెట్టాడు. వెంకటి మింగి నీళ్లు తాగాడు. కాసేపటికి కోడలు రజని ఉప్మా తెచ్చింది. అది తిన్నాక, లివర్‌కు పట్టిన వైరస్‌ కోసం జగిత్యాల డాక్టరమ్మ రాసిన పెద్ద గోళీ వేసుకున్నాడు. బుగ్గారంలోని ఆ ఇంట్లో రోజూ ఇదే వరస.

అంతలో ఫోన్లోకి రిపోర్టు వచ్చింది. కోర్సు అయిపోవచ్చినా వైరస్ పోలేదు. జితేందర్ మొహం చేదు కొరికినట్టయింది.

"నోరు తెరువు."

"ఎందుకురా?"

"తెరువు బాపూ."

వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "తాడు దిగినవ్ గని కల్లు దిగలే నీకు. థూ."

పక్కింటి లక్ష్మవ్వ గోడ మీదుగా చూస్తోంది.

"మామ ముట్టలే," అంది రజని. "ఇంట్ల ఉండేదాన్ని, నాకెర్కలేదా?"

"నీకేం తెల్సు, నడువ్ లోపలికి."

 వెంకటి తువ్వాల భుజాన వేసుకుని కొడుకు వెంట జగిత్యాల బస్సెక్కాడు. దారంతా కొడుకు ఎడంగా కూర్చున్నాడు.

"కల్లు మానలే మేడం," అన్నాడు జితేందర్, కుర్చీలో కూర్చోకముందే.

డాక్టరమ్మ వెంకటి వైపే చూసింది. "పెద్దాయనా, ఇంకేమన్నా మందులు మింగుతున్నవా?"

"ఏం లేవు మేడం," అన్నాడు జితేందర్.

"నిన్నడగలేదు."

వెంకటి కొడుకు మొహం చూసి మెల్లగా అన్నాడు. "పరగడుపున గ్యాస్ గోళీ. కోరుట్ల నుంచి వీడే తెస్తడు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "కడుపులో పులుపు, అదే యాసిడ్, ఉంటేనే మా మందు ఒంటికి పడుతుంది. ఆ గోళీ పులుపునే చంపుతుంది. మొదట్లోనే అడిగితే ఏం లేవన్నారు కదా."

అన్నది జితేందరే. ఏ డాక్టరు చీటీలోనైనా ఉండే గ్యాస్ గోళీ కూడా మందేనని అతనికి తట్టలేదు.

"అది బంద్ చెయ్యండి. మళ్లీ రక్తం చూసి వేరే కోర్సు మొదలుపెడదాం. లివర్ ఇంకా చెయ్యి దాటలేదు."

బయట బల్ల మీద జితేందర్‌కు తన మీద తనకే రోత పుట్టింది.

"అప్పుడే చెప్పకపోతివి బాపూ."

"చెప్పనిస్తివా? నాకంటె ముందు నువ్వే చెప్తివి."

"తర్వాతనన్న చెప్పరాదు?"

"కొడుకు చేత్తోని పెట్టేది మందనుకుంటర్రా?"

జితేందర్ తల దించుకున్నాడు. కన్నీళ్లు చెప్పుల మీద పడ్డాయి. వెంకటి తన తువ్వాల కొస అతని చేతిలో పెట్టాడు.

రక్తం తీసే నర్సు తలుపులోంచి పిలిచింది. "వెంకటి ఎవరు?"

జితేందర్ నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"నేనే బిడ్డా," అన్నాడు వెంకటి.