కప్పల గూటికి గాజు తలుపు

"ఈ గాజు తొట్టిని నిలువుగా నిలబెడితే నీళ్లన్నీ నేల మీదికే కదండీ," అన్నాడు అద్దాలు బిగించే అబ్బాయి.

"నీళ్లు పోస్తామని మీకెవరు చెప్పారు?" అంది పిల్ల.

"మరి చేపలు?"

"చేపలని ఎవరు చెప్పారు?"

అతను తొట్టి వంక చూశాడు, పిల్ల వంక చూశాడు, చివరికి వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడిన తల్లి వంక చూశాడు. ఈ ఇంట్లో తెలివిగా మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగినట్టుంది ఆ చూపు. తల్లికి అది నచ్చలేదు. ఆ మాటకొస్తే ఏడాదిగా ఆమెకు ఎవరి చూపూ నచ్చడం లేదు.

"కప్పలకి," అంది పిల్ల. "చెట్టు కప్పలు. అవి ఎక్కుతాయి, అందుకే ఇల్లు పొడుగ్గా ఉండాలి. తొట్టిని నిలబెడితే నోరు ముందుకొస్తుంది. ఆ నోటికి గాజు తలుపు కావాలి. చేస్తారా, చేయరా?"

అబ్బాయి నవ్వు ఆపుకోబోయాడు గానీ ఆగలేదు. పిల్ల మొహం కందగడ్డ అయింది. చేతకానివాళ్లే నవ్వుతారని, ఊళ్లో అద్దాల దుకాణాలకు కరువు లేదని కడిగేసింది. అతను చప్పున టేపు తీసి కొలతలకు వంగితే, టేపు కూడా లాక్కుంది. కొలతలు తానే రాసిస్తానంది.

పిల్ల పని చేసేది మొక్కల నర్సరీలో. ఆ నెల లారీలో దిగిన మొక్కల ఆకుల మధ్య, బొటనవేలంత పచ్చటి కప్పలు మూడు కరుచుకుని కూర్చున్నాయి. మందు కొట్టి పారేయమన్నాడు యజమాని. పిల్ల వాటిని తన టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఆ డబ్బాను తల్లి మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. తొట్టి మాత్రం తండ్రిది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఒకప్పుడు చేపల పిచ్చి ఉండేది. చేపలు పోయి, మూల అతుకు వదిలాక, అందులో తల్లి ఉల్లిపాయలు పోసుకుంటోంది.

ఉల్లిపాయల్ని దించి కప్పల్ని ఎక్కిస్తానంటే తల్లి ఒప్పుకోవడానికి కారణం ఉంది. నిరుడు పిల్లకు ఒక సంబంధం మాట అనుకున్నారు. పెద్ద ఆఫీసులో పనని చెప్పిన ఆ పెళ్లికొడుకు, ఆర్నెల్లుగా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లి పార్కులో కూర్చుని వస్తున్నాడని ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగం లేనందుకు కాదు, అన్నాళ్లూ మొహం మీదే అబద్ధం ఆడినందుకు పిల్ల వద్దనేసింది. ఆ తర్వాత ఇంట్లో నవ్వన్నది వినబడలేదు. ఆ సంబంధం తెచ్చింది తల్లే. ఒక్క ప్రశ్న సూటిగా అడిగి ఉంటే పిల్ల బతుకు ఇలా అయ్యేది కాదు కదా అని ఆమె లోలోపల నలిగిపోయి, పిల్ల ఏది అడిగినా కాదనలేకపోతోంది. ఇక ఈ గడప తొక్కే ప్రతి మగపిల్లాణ్నీ అనుమానించి తీరాలని ఒట్టు పెట్టుకుంది. గ్యాసు బండ తెచ్చేవాడు కూడా ఆమె చూపు తట్టుకోలేక బండ గుమ్మంలోనే దించి పోతున్నాడు.

అలాంటి ఇంటికి అద్దాలబ్బాయి నాలుగు రోజులకోసారి రావడం మొదలుపెట్టాడు.

మొదటి తలుపు ఒక వేలు పొడుగైంది. రెండోది అర వేలు పొట్టి. మధ్యలో అతుకులకు పూసిన బంక ఆరాలన్నాడు. దాని పులిసిన వాసన పూర్తిగా పోయేదాకా కప్పల్ని దించకూడదంది పిల్ల. తర్వాత గాలి ఆడటానికి పైన సన్నజాలీ. అడుగున గులకరాళ్లు, వాటి మీద కొబ్బరి పీచు, దాని మీద నాచు. వాసన పోయాక, తలుపు కుదరలేదు కాబట్టి, తొట్టి నోటికి దోమతెర గుడ్డ కట్టి కప్పల్ని లోపలికి దించారు. వాటి గిన్నెలోకి కుళాయి నీళ్లు ఒక రోజు నిలవబెట్టాకే పోయాలట. మా ఇంట్లో మనుషులకి కూడా ఇంత మర్యాద లేదని తండ్రి గొణిగాడు.

మూడో తలుపూ కుదరలేదు. తల్లి భర్త దగ్గర కూర్చుంది. మూడంతస్తుల ఇంటి కిటికీలన్నీ రెండు రోజుల్లో బిగించేవాడికి, కప్పల తలుపు నెలైనా కుదరకపోవడమేమిటని, ఇందులో ఏదో ఉందని చెప్పింది.

"ఉంటే ఉందిలే," అన్నాడాయన పేపరు దించకుండా. "పిల్ల నవ్వుతోంది, విన్నావా?"

విన్నది. ఆమె భయమంతా అదే. మళ్లీ నవ్వడం మొదలుపెట్టిన పిల్ల మళ్లీ ఏడిస్తే, ఈసారి కోలుకోదు.

ఆ సాయంత్రం చిన్న జల్లు పడింది. తొట్టిలోంచి టక టకమని కూత. తల్లి జల్లెడ పట్టుకుని తలుపు చాటున నిలబడింది.

"మూడూ కూస్తాయా?" అడుగుతున్నాడు అబ్బాయి.

"మగవే కూస్తాయి."

"ఆడవి ఏం చేస్తాయి?"

"వింటాయి."

"నచ్చితే వెళ్తాయా?"

"నచ్చినా వెంటనే వెళ్లవు. ఇంకోసారి కూయనిస్తాయి."

తల్లి చేతిలో జల్లెడ జారింది.

రెండు రోజులు తిరక్కుండానే ఆమె కోరుకున్న రుజువు దొరికింది. పిల్ల నర్సరీలో ఉండగా మధ్యాహ్నం అబ్బాయి నాలుగో తలుపు పట్టుకొచ్చాడు. పిల్ల నేర్పినట్టే చేతులు తడుపుకుని, లోపల అడ్డొస్తున్న కొమ్మను పక్కకు జరిపి చూసినా కుదరక, తలుపుతో మెట్ల వైపు నడిచాడు. తల్లి వెంటనే కప్పల్ని లెక్కపెట్టింది. పచ్చవి రెండు. మూడోది కాఫీ పొడి రంగులో ఉంది.

మేలు రకం కప్పను ఎత్తుకుపోయి, దాని చోట ఏ మురుగుకాల్వ కప్పనో కూర్చోబెట్టి పోతున్నాడు! మెట్ల మీదే అతణ్ని ఆపి భోజనం డబ్బా తెరిపించింది. అందులో ఒక చెంచా, తుడుచుకునే గుడ్డ ఉన్నాయి.

"మా పచ్చ కప్ప ఏది?"

ఈసారి అతను నవ్వలేదు. "నాకు కప్పల సంగతి తెలియదండీ. నేను మాత్రం మార్చలేదు."

"నిరుడు ఒకడు ఇలాగే మొహం మీద చెప్పాడు. ఇక మా గడప తొక్కకు. ఈ సంగతి పిల్లకి తెలియకూడదు."

అతను తల ఊపి, తలుపును చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పిల్ల వచ్చేసరికి తొట్టిలో మూడూ పచ్చగా ఉన్నాయి. అప్పుడైనా తల్లికి బుద్ధి రావాలి. రాలేదు. తాను నడుం వాల్చినప్పుడు దొంగతనంగా వచ్చి అసలు కప్పను పెట్టిపోయాడనుకుంది. వీధి తలుపు తాళం మార్పించింది.

పది రోజులు గడిచాయి. మొదటి రెండు రోజులూ పిల్ల మెట్ల మీద అడుగు వినిపిస్తే జడ సవరించుకుంది. తర్వాత మానేసింది. ఫోన్ చేయవచ్చు కదా అని తండ్రి అంటే, నేనెందుకు చేయాలంది. ఒక పొద్దున కప్పల గిన్నెలో నీళ్లు మారుస్తూ తల్లి వైపు తిరగకుండానే అంది: "నీ అనుమానమే నిజమమ్మా. అందరూ అంతే. బాగుందనిపించినన్నాళ్లు వస్తారు, విసుగేస్తే చెప్పకుండా పోతారు."

తాను గెలిచినట్టే. అయినా తల్లికి ఆ పూట ముద్ద దిగలేదు.

మధ్యాహ్నం నాచు మీద నీళ్లు చిలకరించే పని ఆమెదే. ఆ రోజు చిలకరించి అక్కడే చతికిలబడింది. పచ్చ కప్ప ఒకటి ఆకు మీంచి దిగి ఎండుకొమ్మను కరుచుకుంది. ఆమె చూస్తుండగానే వీపు కాస్త మాసింది. పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి ఇంకా ముదిరింది. పప్పు ఉడికేసరికి కాఫీ పొడి.

ఎవరూ రాలేదు. ఎవరూ పోలేదు. కొత్త తాళం ఉన్నచోటే ఉంది.

"అయ్యో నా నోరు," అనుకుంది. పొయ్యి కట్టేసి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే దుకాణానికి నడిచింది.

అబ్బాయి గాజు కోస్తున్నాడు. ఆమెను చూసి కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"బాబూ, తప్పయిపోయింది. ఆ కప్పే రంగు మార్చుకుంటోంది."

"పోన్లెండి ఆంటీ," అన్నాడు.

అంతటితో వచ్చేస్తే బాగుండేది. కానీ కన్ను ఊరుకోలేదు. అరలో కాగితం చుట్టిన గాజు పలక ఒకటుంది. దాని మీద 'కప్పల ఇల్లు' అని, తారీఖు. అతను మొట్టమొదట వచ్చిన రోజు తారీఖు.

"ఇది ఆ రోజే కోశావా? నెలంతా మరి ఆ తప్పుడు తలుపులు ఎందుకు తెచ్చావు?" ఆమె గొంతు మళ్లీ పోలీసు గొంతు అయింది.

అతను మేకుకు గుచ్చిన చీటీలు తీసిచ్చాడు. అన్నీ పిల్ల దస్తూరీయే. ఒకే తొట్టికి నాలుగు రకాల కొలతలు.

"ఆ పలక నా కంటి కొలతండీ. రోజంతా కుండీలు కొలిచే మనిషి ఒక్క తలుపుని నాలుగుసార్లు తప్పు రాస్తారా? రాశారు కాబట్టి, రాసినట్టే కోశాను."

తల్లి ఇప్పుడు కూర్చుంది. నెలంతా గడప తొక్కినవాణ్ని అనుమానించింది. అసలు దొంగ ఇంట్లోనే ఉంది.

నిరుడు అడగని ఆ ఒక్క ప్రశ్న ఇప్పుడు అడిగింది. "నిజం చెప్పు. మా పిల్లంటే ఇష్టమా?"

"ఇష్టమండీ. ఆవిడ నా టేపు లాక్కున్నప్పటి నుంచి."

సాయంత్రం పిల్ల వానలో తడిసి వచ్చేసరికి అతను తొట్టి ముందు కూర్చుని పలక బిగిస్తున్నాడు. పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. వంటింట్లోంచి తల్లి జరిగిందంతా ఒప్పేసుకుంది. తల మాత్రం బయట పెట్టలేదు. పిల్ల దగ్గరికొచ్చి పలక అంచు మీద వేలు పెట్టి చూసింది.

"కొలత ఎవరిది?" అంది.

"నాది. మొదటి రోజుది."

"నావన్నీ తప్పేనా?"

"అన్నీ."

"తెలిసే కోశారా?"

"మీరు తెలిసే రాశారుగా."

పిల్ల మొహం మళ్లీ కందగడ్డ అయింది. ఈసారి కోపంతో కాదు. బయట వాన పెరిగింది. నాచు చాటున ఎక్కడో మగ కప్ప గొంతు విప్పింది.

"వినిపించిందా?" అడిగాడు.

"వినిపించింది."

"నచ్చిందా?"

పిల్ల తడి జడ వెనక్కి వేసుకుంది. "ఇంకోసారి కూయమనండి."

తలుపు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది. ఇక రావడానికి పని లేదు. అబ్బాయి సామాను సర్దుకుంటుంటే తల్లి బయటికొచ్చి, ఆ తలుపును ఒకసారి తెరిచి మూసింది.

"రేపు కూడా రా బాబూ. ఇది కిర్రుమంటోంది."

తండ్రి పేపరు దించాడు. "గాజు తలుపు కిర్రుమనడమేమిటే? నాకేం వినబడలేదే."

"మీకు వినబడదులెండి," అందామె. మూడు కప్పుల్లో పోసిన టీని నాలుగు కప్పులకు సర్దింది.