మెలకువ చాప

"కళ్లు మూసుకో నూకాలమ్మా, నిద్రపో" అంది డాక్టర్ హైమవతి.

"మీరలా సూస్తుంటే ఎలా పడతాది అమ్మగోరూ? నిద్దరకి కూడా మార్కులేటి?" అంది నూకాలు, చాప మీద వెల్లకిలా పడుకుని.

మిట్టమధ్యాహ్నం. సముద్రపుటొడ్డున ఉన్న ఆ నగరంలో కార్పొరేషన్ కల్యాణమండపం నిండా చాపలే. చాపల మీద ఫ్లైఓవర్ కింద బతికే జనం.

బాతులు గుంపుగా పడుకున్నప్పుడు అంచున ఉన్న బాతు ఒక కన్ను తెరిచే నిద్రపోతుంది. మెదడులో సగానికే సెలవు. రైల్లో చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నవాళ్లకి ఈ విద్య కాస్త తెలుసు. ఫుట్‌పాత్ మీద ఏళ్ల తరబడి పడుకున్నవాళ్లకి పూర్తిగా తెలుసు. హైమవతి తయారుచేసిన ఈ చాపల్లో వెంట్రుకంత సెన్సర్లు ఉన్నాయి. గుండెదడ, ఊపిరి, కండరాల బిగువు కొలిచి, పడుకున్న మనిషిలో ఎంత భయం మేలుకుని ఉందో అవి చెబుతాయి. భయముంటే చాప అంచున ఎర్రదీపం, లేకుంటే పచ్చదీపం. ఎర్రదీపం వెలిగినవాళ్లకే ముందు ఇల్లు. సిఫారసులు చెల్లవు, కౌన్సిలర్ల బావమరుదులు పనికిరారు.

నూకాలుకి ఎర్రదీపం వెలిగింది. పక్కన పైడితల్లికీ అంతే. ఇద్దరికీ కార్పొరేషన్ కట్టిన కొత్త బ్లాకులో పక్కపక్క గదులు వచ్చాయి. తలుపుకి లోపలి గడియ! నూకాలు దాన్ని వేసి తీసి, వేసి తీసి చూసుకుంది. కాని ఇకమీదట కూడా చాప మీదే పడుకోవాలన్నారు.

"ఇల్లిచ్చేసినాక ఇంకా కొలవడం ఏటే?" అంది నూకాలు.

"నీకన్నీ అనుమానాలే వదినా. దేవుడొచ్చినా ఆధార్ కార్డు అడుగుతావు" అంది పైడితల్లి.

అనుమానం పెనుభూతం అంటారు గాని, ఫ్లైఓవర్ కింద అదే కాపలాదారు. అక్కడ ఒకరి కాలి బొటనవేలి నుంచి ఇంకొకరి వేలికి పురికొస కట్టుకుని పడుకునేవారు. ఎవరు ఎవరిని లాగినా వరస మొత్తం లేచి కూర్చునేది. కొత్త గదిలోనూ నూకాలు కిటికీలోంచి పక్కగదికి పురికొస పంపింది. పైడితల్లి నవ్వి, ఉండ చుట్టి వెనక్కి విసిరేసింది. చేసేదిలేక నూకాలు దాన్ని గడియకే కట్టుకుంది. గాలికి తలుపు కదిలితే చాలు, వేలు జివ్వుమనేది.

కొన్నాళ్లకి పైడితల్లి చాపకి పచ్చదీపం వెలిగింది. మర్నాడు ఉదయం వ్యాను వచ్చింది. "మీ అవసరం తీరిందమ్మా, అభినందనలు" అని ఆఫీసరు ఆమె మెడలో దండ వేశాడు. తర్వాత సామాను వ్యానులోకి ఎక్కించాడు.

"నిద్దరోయినందుకా బాబూ?" అంది పైడితల్లి. దండ ఇంకా మెడలోనే ఉంది. సాయంత్రానికి ఆమె మళ్లీ ఫ్లైఓవర్ కింద ఉంది.

ఆ వారంలోనే బ్లాకంతా కిటికీ నుంచి కిటికీకి పురికొసలు పాకాయి. ఎవరికి కునుకు ముదిరినా పక్కవాళ్లు లాగేవారు. అన్ని చాపలకీ ఎర్రదీపాలే. కార్పొరేషన్ పెద్దలు తలలు పంకించారు. ఇళ్లిచ్చినా వీళ్ల భయం పోలేదంటే, ఇళ్లు దండగన్నమాట! పునాదులు తీసిన రెండో బ్లాకు ఆపేశారు. పైడితల్లికి మళ్లీ గది దొరికితే అందులోనే దొరకాలి.

హైమవతి పరుగున వచ్చింది. "నిజం చెప్పు నూకాలమ్మా. ఈ గది వచ్చాక నీ భయం తగ్గిందా? తగ్గిందని ఒక్కరు ఒప్పుకుంటే రెండో బ్లాకు కట్టిస్తాను. నీ ఇంటి జోలికి ఎవరూ రారు. నాదీ మాట."

నూకాలు ఆమెను ఎగాదిగా చూసింది. నిజం చెబితే పైడితల్లికి గది. ఈవిడ మాట తప్పితే తన గది గల్లంతు.

"ఆ మాటేదో సాప మీద పడుకుని సెప్పండి."

హైమవతి నవ్వబోయి మానేసింది. చెప్పులు విప్పి పడుకుంది. "నీ ఇల్లు ఎవరూ తీసుకోరు" అంది పైకప్పుకేసి చూస్తూ.

ఎర్రదీపం వెలిగింది. ఎంతసేపటికీ ఆరలేదు.

"చాప కొలత తప్పని పైవాళ్లకి నేనే చెప్పాలి. చెబితే..." అంది హైమవతి.

"మీది సొంతిల్లేనా అమ్మగోరూ?"

"కాదు. ఈ చాపల ప్రాజెక్టు ఉన్నన్నాళ్లూ ఉండమని క్వార్టర్స్ ఇచ్చారు."

నూకాలు గూట్లోంచి పురికొస ఉండ తీసి, ఇన్ని మూరలు కొలిచి, పళ్లతో తెంపి ఆమె చేతిలో పెట్టింది.

"బొటనేలికి కట్టుకోండి, మరీ బిగించకండి" అంది. "రెండో కొస కట్టడానికి మీ పక్కింట్లో ఎవులైనా ఉన్నారా?"