మిషన్ వేళ్లు

"నేనేమన్నా మిషన్నా?"

ఆదివారం పొద్దున అంజలి తన అమ్మ ఫోన్ తెచ్చి నేస్తం తిప్పేష్ ముఖం ముందు పెట్టింది. ఆన్‌లైన్ బెలూన్ల ఆటలో ఆమె పేరు పక్కన ఎర్ర జెండా, కింద ఒక సందేశం ఉన్నాయి.

"మీ వేగం అసాధారణం. యంత్రంతో ఆడుతున్నారని అనుమానం. ఫిర్యాదు కూడా వచ్చింది. పరిశీలన అయ్యేదాకా ఆడలేరు."

"సాయంత్రం కణేకల్ పిల్లోళ్లతో ఫైనల్ ఉండాది. నేను లేకుంటే మన టీమ్ గతేంది? ఎవురు ఫిర్యాదు చేసినారో!"

"నాకేం తెలుసు?" అన్నాడు తిప్పేష్.

అతనికి తెలుసు. నిన్న ఆమె చేతిలో ఓడగానే "మోసం" అనే బటన్ నొక్కింది తనే. మనిషి అంత వేగంగా బెలూన్లు పగలగొట్టగలడా? మోసమని నమ్మి నొక్కాడా, ఓడిన కోపంతో నొక్కాడా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

"రా, అవ్వ పిలుస్తాంది. విత్తనానికి కాయలు ఒలవాల," అంది అంజలి.

అంజలి వాళ్ల వసారాలో వేరుశనగ కాయలు కుప్పగా ఉన్నాయి. అవ్వ బయమ్మ పక్కన అంజలి కూర్చుంది.

టక్. టక్. టక్.

ఆమె కాయల వైపు చూడటం కూడా లేదు. వేళ్లు వాటంతట అవే చిట్లిస్తున్నాయి. వేగం మారదు. ఒక్క గింజా చితకదు. తిప్పేష్ ఒక కాయతోనే కుస్తీ పడుతున్నాడు.

"ఏమప్పా, నిద్రపోతాండావా?" బయమ్మ నవ్వింది.

సిగ్గేసింది. చేతికొచ్చిన నల్ల మచ్చ గింజను కోళ్ల వైపు విసరబోయాడు. బయమ్మ చెయ్యి పట్టుకుంది.

"యాల పారేస్తావు?"

"మచ్చ ఉండాది కదవ్వా."

"అనుమానముంటే పక్కన పెట్టు. మళ్లా చూస్తాము."

ఆమె బొటనవేలితో గింజను తుడిచింది. మన్ను రాలింది. కింద ఎర్రటి గింజ.

తిప్పేష్ దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"అంజలీ... ఆ ఫిర్యాదు నేనే చేసినాను."

టక్ టక్ ఆగిపోయింది.

జేబులోంచి నాయన ఫోన్ తీశాడు. కెమెరాను ఆమె చేతుల వైపు పెట్టాడు.

"ఒలువు. నాది తప్పని రాసి, ఈ వీడియో కూడా ఆట నడిపేటోళ్లకు పంపిస్తా. సాయంత్రానికి చూస్తారో లేదో తెలీదు."

అంజలి ఒక కాయ తీసుకుంది.

"నా ముఖం గూడా పడనీ," అంది. "వట్టి చేతులు చూపిస్తే మళ్లా మిషన్ అనుకుంటారు."