ఐసులో మూలకణాలు

సాలూరులో లారీ టైర్ల కొట్టు వెనకున్న రహస్య కార్యాలయం ఎంత రహస్యమంటే, చీఫ్ నరసింగరావే తరచూ దారితప్పి పక్క టీకొట్టులో కూర్చునేవాడు.

"శివాజీ! భోగాపురం బీచ్ రిసార్ట్‌లో విదేశీ ముఠా. స్టెమ్‌సెల్స్‌తో, అదే మూలకణాలతో, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు నయం చేస్తామని వెన్నులో ఏటో పొడుస్తన్నారు. ఇద్దరు పోయారు. పేషెంట్‌గా దూరాల. కాలీడ్చడం వచ్చా?"

"వచ్చు సార్."

చెల్లెలు అనూరాధది అదే జబ్బు. ఆరేళ్లుగా అతనికి ఇంట్లోనే ట్రైనింగ్.

రిసార్ట్ వార్డులో శివాజీ వీల్‌చైర్ ఆగింది. పక్క మంచం మీద అనూరాధ!

"నువ్వేటే ఇక్కడ?"

"కేంపుకని ఎల్లేవు గదా అన్నియ్యా! ఆ కాలేటి? నన్ను ఎక్కిరిస్తన్నావేటి?"

"డ్యూటీ. ఇదంతా మోసమే, ఇంటికెళ్లిపో."

"తెల్సు. పెద్దాసుపత్రిలో ఇంకేటీ లేదన్నారు. ఈళ్లు ఏటో ఒకటి సేస్తామన్నారు గదా."

శివాజీ వీల్‌చైర్‌ను ఆమె మంచానికి ఆనించాడు.

హైహీల్స్ టకటకలాడాయి. డాక్టర్ రేఖ. ముఠా జీతం, మన ఆఫీసు జీతం రెండూ తీసుకునే డబుల్ ఏజెంట్. శివాజీ నాడి చూస్తున్నట్టు వంగింది.

"రొయ్యలు తాజాయేనా?"

"ఐసేస్తే తాజాయే."

కోడ్ కలిసింది. "నా పెన్నులో కెమెరా ఉంది. విక్టర్ తన నోటితో ఒప్పుకోవాలి," అని గుసగుసలాడింది.

అంతలో ముఠా నాయకుడు విక్టర్ వచ్చాడు. అతని వెనకే, చెక్‌పోస్టుల కళ్లుగప్పి చేపల వ్యాన్‌లో సెల్స్ డబ్బా తెచ్చిన కూర్మయ్య.

"డాక్టరమ్మా, మీ డబ్బాలోంచి పొగొస్తన్నాది. సరుకు పాడైపోతాదని ఆ పొగనీళ్లు పారబోసి, సేపలకేసే ఐసు దట్టించీసినాను."

పారబోసింది సెల్స్‌ని గడ్డకట్టించి బతికించే లిక్విడ్ నైట్రోజన్. రేఖ ఆ సంగతి విక్టర్‌కి ఇంగ్లీషులో చెప్పి, "సెల్స్ చచ్చిపోయాయి," అంది.

"సో వాట్? ఇంజెక్ట్!" అన్నాడు విక్టర్.

పెన్ను రికార్డ్ చేసింది. కానీ విక్టరే సిరంజి లాక్కున్నాడు. సూది అనూరాధ వెన్నుకు వెంట్రుకవాసిలో ఉండగా శివాజీ వీల్‌చైర్ లోంచి ఎగిరి తన్నాడు. విక్టర్ కిటికీ దాటి, ఇసుక దాటి, సముద్రంలో పడ్డాడు.

వార్డంతా గోలగోలైంది. "లేసిపోనాడ్రా! నాకూ ఎయ్యండి బాబూ!" అని అన్ని మంచాల మీంచీ చేతులు చాపారు.

పోలీసులు వచ్చాక కూడా ఎవరూ మంచం దిగలేదు. "నేను పేషెంట్ని కాదమ్మా" అని శివాజీ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పాడు. ఆ చేతులు నెమ్మదిగా దిగిపోయాయి.

చివరికి చెల్లెలి మంచం దగ్గర ఆగాడు. అనూరాధ కళ్లు తుడుచుకుంది.

"దేశాన్ని కాపాడీసినావు. సరే. ఇప్పుడు నన్ను బాత్రూంకి ఎత్తుకెల్లు."